నాటకశాలనుండి వీడియో వేదికవరకు: గ్రంథస్వామ్య చట్టమున స్థలమిచ్చినవాని బాధ్యత

తెలుగు రాష్ట్రములకు వెలుపల తరతరములుగా నిలిచియున్న మనవారికి పద్యనాటకము వినోదము మాత్రమే కాదు. పిల్లలు బడిలో వేరొక భాష చదువుకొని, వీధిలో ఆ భాషయే మాటలాడి, ఇంట సగము తెలుగుతో సరిపెట్టుకొను చోట్ల, నిండైన తెలుగు పద్యము చెవిని బడు సందర్భము సంఘ వార్షికోత్సవ మొక్కటియే. ధర్మవరము రామకృష్ణమాచార్యులవారిని, రాఘవాచార్యులవారిని నాటకరంగమున నిలిపిన బళ్ళారి నేడు కర్ణాటక రాష్ట్రమున నున్నదను సంగతి పాఠకులెరిగినదే. అట్టి యూళ్ళలో నాటకము మన భాషకు పట్టుగొమ్మ.

కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘమువారు తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగమునుండి రాయబార ఘట్టమును ప్రదర్శించి, దానిని చిత్రించి, దూరదేశములందున్న బంధువులు చూచుటకై ఒక వీడియో వేదికపై నుంచిరి. రెండు దినములైనను గడువకముందే, అందలి గానము తమదని ఒక రికార్డుల సంస్థ పేర హక్కుదావా వచ్చినది. వీడియో కనబడకుండ పోయినది. పాడినవాడు మా కార్యదర్శిగారి మేనల్లుడు. హార్మోనియము వాయించినవారు ఉద్యోగవిరమణ చేసిన బడిపంతులుగారు. వ్రాసిన కవులలో దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు 1920లోను, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు 1950లోను గతించిరి. మరి హక్కు ఎవరిది? తొలగించిన దెవరు? ఏ చట్టము ననుసరించి తొలగించిరి? "మనమేదో దొంగతనము చేసినట్లు వ్రాసినారే" అని పంతులుగారు నొచ్చుకొనిరి. నేను న్యాయవాదిని కాను, చరిత్ర చదువుకొన్నవాడను. ఆయన నొప్పికి సమాధానము వెదకబోయి నూరేండ్లకు పైబడిన చట్టచరిత్రలోనికి నడువవలసివచ్చినది. ఈ వ్యాస మా నడక ఫలితము.

ఒక కృతి ప్రదర్శింపబడునప్పుడు ముగ్గురుందురు: వ్రాసినవాడు, ఆడినవాడు, ఆడుటకు చోటిచ్చినవాడు. మొదటి యిద్దరి సంగతి చట్టమునకు సులభము. మూడవవాడే చిక్కు. తాను పాడలేదు, ఆడలేదు. తలుపు తెరచి దీపము వెలిగించెను, టిక్కెట్ల సొమ్ము పెట్టెలో వేసికొనెను. పరుల కృతి అనుమతి లేక అతని కప్పు క్రింద ప్రదర్శింపబడినచో అతడు దోషియా?

1911నాటి ఇంగ్లండు గ్రంథస్వామ్య చట్టము ఈ ప్రశ్నకు సూటిగా బదులు చెప్పెను. తన లాభముకొరకు నాటకశాలనుగాని, మరియొక వినోదస్థలమునుగాని అట్టి ప్రదర్శనమునకు వాడుకొననిచ్చినవాడు కూడ స్వామ్యభంగము చేసినవాడే. అయితే తనకా సంగతి తెలియదనియు, అనుమానించుటకు తగిన కారణము లేదనియు చూపగలిగినచో తప్పించుకొనును. ఈ చట్టమే కొన్ని మార్పులతో 1914లో హిందూదేశమునకు వచ్చినది. స్వాతంత్ర్యానంతరము పార్లమెంటు చేసిన 1957నాటి కాపీరైటు చట్టము 1958 జనవరి 21న అమలులోనికి వచ్చెను. దాని 51వ సెక్షనులో 'నాటకశాల' అను మాట పోయి 'ఏ స్థలమైనను' అను మాట వచ్చి చేరినది. 1994నాటి సవరణలో బహిరంగ ప్రదర్శనమునకు బదులు, కృతిని ప్రజలకు అందజేయుట అను విశాలమైన మాట చేర్చిరి. నాటి శాసనకర్తల మనస్సులో సినిమాహాళ్ళును, ఉత్సవపు పందిళ్ళును ఉండియుండును. ఇటుకలు లేని స్థలమొకటి రాబోవుచున్నదని వారు తలంచిరని నేననుకొనను. పాఠకులు రెండు మాటలను జ్ఞాపకముంచుకొనవలెను: స్థలము, ఎరుక. తరువాతి వివాదములన్నియు ఈ రెండు మాటల చుట్టును తిరిగినవే.

అమెరికాలో ఈ విషయమున స్పష్టమైన శాసనవాక్యము లేకపోయినందున న్యాయమూర్తులే దారి వేసికొనిరి. 1929లో డ్రీమ్‌ల్యాండు అను నృత్యశాల కేసున, బాజాబృందము తన నౌకరు కాదు, కిరాయికి వచ్చినదని యజమాని చెప్పిన వాదము చెల్లలేదు. ఆ సంగీతముచేత జనము వచ్చిరి, జనముచేత లాభము వచ్చెను. కావున బాధ్యతయు వచ్చెను. ఇందుకు భిన్నముగా, ఇల్లు అద్దెకిచ్చి నెలకింతయని పుచ్చుకొని లోపల జరుగునది యెరుగని భూస్వామిపై బాధ్యత లేదని మరికొన్ని తీర్పులు చెప్పినవి. నృత్యశాల యజమానియా, అద్దె యింటి యజమానియా? ఎనుబదియేండ్ల తరువాత యూట్యూబు నడిగిన ప్రశ్నయు ఇదియే.

ఈ నడుమ యంత్రములు వచ్చినవి. టెలివిజన్ కార్యక్రమములను ఇంటిలో పట్టియుంచుకొను బీటామాక్సు యంత్రమును అమ్మినందులకు సోనీ సంస్థపై 1976లో చలనచిత్ర నిర్మాతలు దావా వేసిరి. 1984 జనవరి 17న అమెరికా సుప్రీముకోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు మరొకవైపుగా చీలి, దోషములేని వినియోగము గణనీయముగా నున్న యంత్రమును అమ్మినంతమాత్రమున అమ్మినవాడు దోషి కాడని తీర్పు చెప్పినది. ఒక్క న్యాయమూర్తి అటు మరలియున్నచో ఇంటింటి వీడియో చరిత్ర వేరుగా నుండెడిది. ఆ యంత్రము తమ వ్యాపారమును ముంచునని గగ్గోలు పెట్టిన నిర్మాతలకే తరువాత వీడియో క్యాసెట్లపై అపారమైన రాబడి వచ్చుట చరిత్రలోని పరిహాసములలో నొకటి.

1998 అక్టోబరు 28న అధ్యక్షుడు క్లింటను సంతకము చేసిన డిజిటల్ మిలీనియం కాపీరైటు చట్టము ఈ కథలో పెద్ద మలుపు. అందలి 512వ సెక్షను, ఇతరులు తెచ్చి పెట్టిన సామగ్రిని నిలువచేయు సంస్థలకు కొన్ని షరతులపై రక్షణ కల్పించెను. నిర్దిష్టమైన దోషము తెలియకుండవలెను. దోషము కన్నులకు కట్టినట్లు కనబడు పరిస్థితులును తెలిసియుండరాదు. అదుపుచేయు శక్తి తనకుండి, ఆ దోషమునుండియే నేరుగా ధనలాభము పొందుచుండరాదు. నోటీసు అందినంతనే జాగుచేయక తొలగింపవలెను. పలుమార్లు తప్పుచేయువారిని వెడలగొట్టు నియమముండవలెను. అయితే ప్రతిదానిని తానే సోదాచేసి చూడవలెనను విధి లేదు. తొలగింపబడినవాడు ప్రతినోటీసిచ్చుటకును, ఫిర్యాదుదారు అంతలో కోర్టుకెక్కనిచో పది మొదలు పదునాలుగు పనిదినములలో దానిని తిరిగి పెట్టించుకొనుటకును మార్గము కలదు. ఈ చట్టము వ్రాసిననాటికి వీడియో వేదికలు ప్రసిద్ధిలో లేవు. కొడుకు పుట్టకముందు కుట్టిన చొక్కా యది. పుట్టిన కొడుకు భీముడయ్యెను.

పాటలు పంచుకొను నాప్‌స్టరు 2001లో అప్పీలు కోర్టున ఓడి మూతపడెను. దోషమునకు పురికొల్పినవాడు దోషియే యని 2005 జూనులో గ్రోక్‌స్టరు కేసున సుప్రీముకోర్టు ఏకగ్రీవముగా తీర్పిచ్చెను. వానికంటె మన విషయమునకు దగ్గరిది యూట్యూబు కథ. చాడ్ హర్లీ, స్టీవ్ చెన్, జావెద్ కరీము అను మువ్వురు 2005 ఫిబ్రవరిలో దానిని మొదలిడిరి. ఏప్రిల్ 23న కరీము జంతుప్రదర్శనశాలలో ఏనుగుల ముందు నిలిచి మాటలాడిన 19 సెకండ్ల చిత్రమే అందలి మొదటి వీడియో. అంతకంటె నిర్దోషమైన ఆరంభ ముండబోదు. ఒక సంవత్సరములోపలనే టెలివిజన్ కార్యక్రమముల తునకలు వెల్లువగా వచ్చి పడినవి. 2006 మార్చిలో కరీము తన సహచరులకు వ్రాసిన నివేదికలో ప్రసిద్ధ కార్యక్రమముల పేర్లు పెట్టి, నిస్సందేహముగా చట్టవిరుద్ధమైనవానిని ముందుగనే తొలగించుట మేలని సూచించెను. వీక్షింపబడు వీడియోలలో 75 నుండి 80 శాతము పరుల స్వామ్యమునకు లోబడినవేయని సంస్థ ఉద్యోగులే యంచనా కట్టిరి. 2006 అక్టోబరులో గూగుల్ సంస్థ 165 కోట్ల డాలర్ల విలువగల వాటాలిచ్చి దానిని కొనుట కొప్పుకొనెను.

2007 ఫిబ్రవరి 2న వయాకాం సంస్థ ఒక్కమారుగా సుమారు లక్ష వీడియోలకు నోటీసిచ్చినది. తరువాతి పనిదినమున కవి దాదాపుగా అన్నియు తొలగింపబడినవి. అయినను మార్చి 13న ఆ సంస్థ న్యూయార్కు కోర్టున నూరు కోట్ల డాలర్లకు పైబడిన దావా వేసెను. వాదము తేలికగా చెప్పవచ్చును: నోటీసిచ్చిననే తీయుదుమని కూర్చుండువాడు, దొంగసొమ్ముతో అంగడి నింపుకొని, సొంతదారు వచ్చి అడిగిన వస్తువును మాత్రము తిరిగి ఇచ్చువాడు. యూట్యూబు సమాధానమును అంత తేలికైనదే: ఏది అనుమతితో వచ్చినదో, ఏది లేక వచ్చినదో మాకెట్లు తెలియును? వయాకాం వారే ప్రచారముకొరకు తమ చిత్రములను మారుపేర్లతో తెచ్చి పెట్టిరని వారు కోర్టున ఆరోపించిరి కూడ.

2010 జూన్ 23న న్యాయమూర్తి లూయీ స్టాంటన్ యూట్యూబు పక్షమున తీర్పు చెప్పెను. స్వామ్యభంగము విరివిగా జరుగుచున్నదను సామాన్యమైన యెరుక చాలదు. ఫలానా వీడియో దోషమైనదను నిర్దిష్టమైన యెరుక ఉండవలెనని దాని సారము. 2012 ఏప్రిల్ 5న అప్పీలు కోర్టు ఆ సూత్రము నంగీకరించుచునే, పైన చెప్పిన నివేదికవంటి సాక్ష్యములనుబట్టి నిర్దిష్టమైన యెరుక ఉండెనేమో విచారింపవలెనని కేసును వెనుకకు పంపినది. తెలిసికొనవలసివచ్చునని బుద్ధిపూర్వకముగా తెలిసికొనకుండుట కూడ ఎరుకయే కావచ్చుననెను. పిల్లి కన్నులు మూసికొని పాలు త్రాగినంతమాత్రమున ఎవరును చూడనట్లు కాదని మన పెద్దలన్న మాటయే అది. 2013 ఏప్రిల్ 18న స్టాంటన్ మరల యూట్యూబునే గెలిపించెను. దావాలోని ఏ వీడియో సంగతి ఎవరికి ఎప్పుడు తెలిసెనో చూపగల సాక్ష్యము దొరకలేదు. 2014 మార్చిలో ఇరుపక్షములు రాజీపడినవి. ధనమేమియు చేతులు మారలేదని నాటి పత్రికలు వ్రాసినవి.

తీర్పు చట్టమునకు అనుగుణమైనదే కాని, దగ్గరగా చూడనివానికి లాభము, చూచినవానికి కీడు కలుగునట్టి చట్టమది యని నాకు తోచుచున్నది. పైగా దాని రక్షణ అందరికి సమానముగా అందలేదు. వియో అను చిన్న వీడియో వేదిక ఇట్టి దావాలోనే ప్రథమ న్యాయస్థానమునను, అప్పీలులోను గెలిచినది. కాని అప్పీలు తీర్పు వచ్చునప్పటికి, అనగా 2011 చివరకు, అది దివాలాతీసి దాదాపు రెండేండ్లయినది. వ్యాజ్యపు ఖర్చు భరింపగలవానికే చట్టము గొడుగు. సామాన్యుల గతియు చూడుడు. పెన్సిల్వేనియాలో నొక తల్లి తన చిన్న బిడ్డ పాటకు గంతులువేయుచున్న 29 సెకండ్ల చిత్రమును 2007లో పెట్టగా, పాట స్వామ్యము గల సంస్థ తొలగింపించెను. నోటీసిచ్చువాడు న్యాయమైన వినియోగ మగునా కాదా యని ముందుగా ఆలోచింపవలెనని అప్పీలు కోర్టు చెప్పుటకు 2015 సెప్టెంబరు వరకు పట్టినది. అప్పటికి ఆ బిడ్డ బడికి పోవుచుండెను.

ఇక మన దేశము. టీ-సిరీస్ పేరిట వ్యాపారము చేయు సూపర్ క్యాసెట్స్ సంస్థ 2008లో మైస్పేసుపై ఢిల్లీ హైకోర్టున దావా వేసినది. ఇంటర్నెట్ మధ్యవర్తులకు రక్షణనిచ్చు ఐటీ చట్టపు 79వ సెక్షను 2000లో పుట్టి, 2009 అక్టోబరు 27నుండి విస్తరించిన రూపమున అమలులోనికి వచ్చెను. కాని అదే చట్టపు 81వ సెక్షనున ఒక మినహాయింపు కలదు: ఈ చట్టములోనిదేదియు కాపీరైటు చట్టము వలని హక్కులను వినియోగించుకొనుటకు అడ్డు కాదు. ఈ రెంటి నడుమ కేసు చిక్కుకొన్నది.

2011 జులై 29న ఏక న్యాయమూర్తి మన్మోహన్ సింగ్ గారు, ఇంటర్నెట్ వేదికయు 51వ సెక్షనులోని 'స్థలము' కాగలదనిరి. పందిరి గుంజలు లేకపోయినను పందిరియే. అది వీడియోల రూపము మార్చుచున్నది, ప్రకటనలు చేర్చుచున్నది, లాభము పొందుచున్నది. కావున తెలియదని చెప్పజెల్లదు. 81వ సెక్షనునుబట్టి 79వ సెక్షను రక్షణయు లేదు అని వారి నిర్ణయము. ఇందులో 1929నాటి నృత్యశాల కనబడుట లేదా?

2016 డిసెంబరు 23న న్యాయమూర్తులు రవీంద్ర భట్, దీపా శర్మ గార్ల ధర్మాసనము ఆ నిర్ణయమును త్రిప్పివేసెను. స్థలమను మాటతో వారికి పేచీ లేదు. పేచీ యంతయు ఎరుకతోనే. యంత్రము మానవప్రమేయము లేక రూపము మార్చినంతమాత్రమున యజమానికి తెలిసినట్లు కాదు. సూపర్ క్యాసెట్స్ వారిచ్చినది లక్షకు పైబడిన కృతుల పట్టిక. అందలి ఏ కృతి వేదికపై ఎచ్చట నున్నదో చెప్పని పట్టిక నిర్దిష్టమైన యెరుక నీయజాలదు. వయాకాం ఇచ్చినదియు లక్షయే. కాని అది వీడియోల పట్టిక, ఇది పేర్ల పట్టిక. ఒకటి ఇంటి నెంబరు చెప్పి దొంగను చూపుట, మరొకటి ఊరిలో దొంగలున్నారని చాటింపువేయుట. చోటు చూపి ఫిర్యాదు చేసినచో 36 గంటలలో తొలగింపవలెననియు, ఆ వీడియోలపై వచ్చిన ప్రకటనల రాబడికి లెక్క ఉంచవలెననియు కోర్టు ఉత్తర్విచ్చెను. 2015నాటి శ్రేయా సింఘాల్ తీర్పున సుప్రీముకోర్టు కోరిన న్యాయస్థానపు ఉత్తర్వు, స్వామ్యభంగ విషయమున అవసరము లేదనియు స్పష్టపరచినది. ఎనిమిదేండ్ల వ్యాజ్యము ముగియునాటికి మైస్పేసుకు పూర్వపు జనసమ్మర్దము లేదు. దావా వేసిన టీ-సిరీస్ మాత్రము 2019లో యూట్యూబున అత్యధిక చందాదారులుగల ఛానెలై, 2024 జూన్ వరకు ఆ స్థానమున నిలిచెను.

ఇంతలో పార్లమెంటు 2012 జూన్ 21నుండి అమలైన సవరణచేత 52వ సెక్షనున క్రొత్త నియమమును చేర్చినది. లింకులు, అందుబాటు కల్పించుటకై జరుగు తాత్కాలికమైన నిలువ విషయమున వ్రాతమూలకముగా ఫిర్యాదు వచ్చినచో 21 దినములు దానిని అందుబాటునుండి తప్పింపవలెను. ఆలోగా ఫిర్యాదుదారు కోర్టు ఉత్తర్వు తేనిచో తిరిగి తెరువవచ్చును. ఐరోపావారు వేరొక దారి త్రొక్కిరి. 2019నాటి వారి ఆదేశము 17వ అధికరణమున, పెద్ద వీడియో వేదిక తానే ప్రజలకు కృతులను అందజేయుచున్నదనియు, ముందుగనే అనుమతి పొందుటకు శాయశక్తుల యత్నింపవలెననియు విధించిరి. ఎరుక కొరకు ఎదురుచూచు పద్ధతి అచ్చట సన్నగిలినది. పోలెండు దేశము దీనిని ప్రశ్నింపగా 2022 ఏప్రిల్ 26న వారి న్యాయస్థానము త్రోసిపుచ్చెను.

ఇక మా రాయబారపు ఘట్టమునకు వత్తును. పైన వివరించిన ఏ చట్టమును దానిని తొలగింపలేదు, యంత్రము తొలగించినది. 2007నుండి యూట్యూబు, పిదప మరికొన్ని వేదికలు, స్వామ్యము గలవారిచ్చిన రికార్డులతో ప్రతి వీడియో ధ్వనిని పోల్చిచూచు యంత్రములను నిలిపినవి. చట్టము కోరని సోదాను అవి వ్యాపారముకొరకు తామే చేయుచున్నవి. రాయబారపు పద్యమును పలువురు మహానటులు రికార్డులకెక్కించిరి. పద్యమదియే, రాగమదియే, సాగదీయు తీరును చాలమట్టు కదియే. ఆ పోలికను పట్టుకొని యంత్రము మా వానిని రికార్డుగా భ్రమించినది. కుఱ్ఱవాని గాత్రమునకు గొప్ప ప్రశంస యని పంతులుగారితో అంటిని; ఆయన నవ్వలేదు.

నిజమునకు కవుల హక్కు ఎన్నడో తీరినది. ఇరువురు కలిసి వ్రాసిన కృతికి చివరగా గతించినవారి మరణవత్సరమునుండి లెక్క. 1950నుండి అరువదేండ్లు 2010తో ముగిసినవి. పాడినవానికి, వాయించినవానికి ప్రదర్శకులుగా 1994నాటి సవరణచేత వచ్చిన హక్కు వారిదే, అనగా మనవారిదే. రికార్డుల సంస్థకు తన రికార్డుపై హక్కు కలదుగాని పద్యముపై లేదు.

ఆనాటి కార్యక్రమమునందే మరియొక అంశము కలదు. ఒక బాలిక మాయాబజారు చిత్రములోని పాట రికార్డుకు నాట్యము చేసినది. వేదికపై అది తప్పు కాదు. టిక్కెట్లు లేని సభలో ఔత్సాహిక సంఘము చేయు ప్రదర్శనమునకును, లాభాపేక్షలేని సంఘము తన కార్యక్రమములలో రికార్డు వినిపించుటకును 52వ సెక్షను మినహాయింపు నిచ్చుచున్నది. కాని ఆ మినహాయింపు సభకే పరిమితము. చిత్రించి లోకమునకు పంచినచో వర్తింపదు. చిత్రము విడుదలయైనది 1957లో. కాని పాటలు వ్రాసిన పింగళి నాగేంద్రరావుగారు 1971లో గతించిరి; సాహిత్యపు హక్కు లెక్క 2031 చివరివరకు నడచును. ఆ వీడియోపై హక్కుదావా వచ్చియున్నచో మాకు చెప్పుకొనుటకు మాట లేదు. రానేలేదు. నిర్దోషమైనది పట్టువడినది, దోషమైనది తప్పించుకొన్నది.

రాయబారము విషయమై కవుల మరణవత్సరములు, గాయకుని పేరు, ప్రదర్శన తేది తెలుపుచు ఆక్షేపణ వ్రాసి పంపితిమి. ఎదుటివారికి ముప్పది దినముల గడువుండెను. వారు ఒక్క అక్షరమైనను వ్రాయలేదు. గడువు తీరిన మరునాడు వీడియో తిరిగి కనబడినది. నాటినుండి మా కార్యదర్శిగారు ప్రతి ప్రదర్శనమునకు ఒక కాగితము తయారుచేయించుచున్నారు. అందు కృతికర్త పేరు, మరణవత్సరము, పాడినవారి, వాయించినవారి సమ్మతి సంతకములు, రికార్డు ఏదైన వాడినచో దాని వివరము ఉండును. పంతులుగారి సంతకము ఆ కాగితములలో మొదటిదానిపై కలదు.